కేబినెట్ మూత తీశాక ఎక్కడ చూడాలి?

పోయిన శ్రావణంలో, వారం పాటు ముసురు వదలనప్పుడు, ముమ్మిడివరం అవతల నుంచి ఒకాయన కంప్యూటర్ డబ్బాని యూరియా సంచిలో చుట్టి, బండి ముందు పెట్టుకుని అమలాపురంలో మా షాపుకి వచ్చారు. "మదర్‌బోర్డు పోయిందన్నారండి. కొత్తది ఎంతవుద్దో చెప్పండి, పిల్లకి పరీక్షలున్నాయి" అన్నారు నిలబడే. పక్క మూత తీసి టార్చి వేశాను. ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు దిమ్మ, అదే హీట్‌సింకుకీ, పైన పవర్ సాకెట్టుకీ మధ్య సందులో బల్లి. చచ్చి నాలుగైదు రోజులై ఉంటుంది, ఇంకా పూర్తిగా ఎండలేదు. దాని కాళ్లు సరిగ్గా చిప్పుల కాళ్ల మీద ఉన్నాయి.

పట్టకారుతో తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో రెండుసార్లు తుడిచి, ఆరనిచ్చి స్విచ్ వేస్తే కంప్యూటర్ వచ్చేసింది. బోర్డుకి ఏమీ కాలేదు. షార్టు తగిలినప్పుడల్లా ఎస్ఎంపీఎస్, అంటే లోపలికి కరెంటు మార్చి ఇచ్చే పెట్టె, తనంతట తనే ఆగిపోతోంది, అంతే. ఆయన డబ్బులు తీస్తూ "మూత తీస్తే కనపడేదేనాండీ ఇది?" అని అడిగారు. కనపడేదే. అంతకుముందు చూసినవాళ్లు మూత తీయలేదు.

అందుకని ఇది రాస్తున్నాను. బాగుచేయడం గురించి కాదు, చూడటం గురించి. దెబ్బ తిన్న భాగాన్ని కంటితో, ముక్కుతో పట్టుకోవడం ఇంట్లో ఎవరికైనా వచ్చే పనే. మా నాన్న మలికిపురంలో రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవారు. సెట్టు విప్పగానే మీటరు తీసేవారు కాదు, ముందు వంగి వాసన చూసేవారు. చిన్నప్పుడు నాకది నవ్వులాటగా ఉండేది. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను.

విప్పే ముందు

షట్‌డౌన్ చేయడం చాలదు. వైరు గోడలోంచి పీకేయాలి. యూపీఎస్‌కి తగిలించి ఉంటే యూపీఎస్ నుంచి కూడా పీకాలి, గోడ స్విచ్ కట్టేసినా అది లోపల కరెంటు ఇస్తూనే ఉంటుంది. మానిటరు, లాన్ (ఇంటర్నెట్ వైరు), స్పీకర్ల వైర్లు కూడా తీసేశాక పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన చార్జి పోతుంది. చేతులు తడి లేకుండా తుడుచుకుని, కేబినెట్‌లో రంగు వేయని ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి రాపిడికి ఒంటి మీద చేరే స్టాటిక్ కరెంటు తక్కువే. కానీ ఏసీ గదిలో నైలాన్ చొక్కా వేసుకుని కూర్చుంటే ఆ మాట చెప్పలేను.

కరెంటు ఉన్నప్పుడు కేబినెట్ ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోందని చాలామంది తెస్తారు. లోపల ఏదో కాలిందనుకుంటారు. సాధారణంగా ఏమీ కాలి ఉండదు, ఇంటికి ఎర్తింగు ఉండదు. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టరు కెపాసిటర్ల (కరెంటుని కాసేపు దాచుకునే భాగాల) వల్ల, ఎర్తు తగలని డబ్బా మీదకి సగం వోల్టేజీ, అంటే నూటపదిహేను దాకా, వస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని వదిలేస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల కన్వర్టర్ పెట్టిన ఇళ్లలో ఇది మామూలే. అక్కడ పిలవాల్సింది ఎలక్ట్రీషియన్ని, నన్ను కాదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, సన్నగా జివ్వుమనడం కాక గట్టిగా షాక్ కొడితే వెంటనే మెయిన్ కట్టేయండి.

సామాను పెద్దగా అక్కర్లేదు. స్టార్ స్క్రూడ్రైవర్, అంగుళం పెయింటు బ్రష్షు, ఫోను చాలు. ఫోనుకి రెండు పనులు. మొదటిది, ఏదీ ముట్టుకోకముందే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయడం. ఏ వైరు ఎక్కడుందో తర్వాత మీకే గుర్తుండదు. రెండోది టార్చి. దాన్ని నేరుగా పై నుంచి వేయకండి, బోర్డు పక్క నుంచి ఏటవాలుగా వేయండి. పై నుంచి వేస్తే అంతా ఒకేలా మెరుస్తుంది. పక్క నుంచి వేస్తే ఉబ్బినదానికి నీడ పడుతుంది, పగులు నల్లగీతలా తేలుతుంది. పొలంలో దమ్ము సరిగ్గా చదునైందో లేదో పొద్దుటెండలో చూస్తారే, అలాగ.

డబ్బా ముందు నుంచి చూస్తే ఎడమ చేతివైపు మూత తీయాలి. వెనక రెండు స్క్రూలు ఉంటాయి.

దుమ్ము చెప్పే సంగతులు

బ్రష్షు తీసే ముందు దుమ్ముని చూడండి. అంబాజీపేట వైపు నుంచి వచ్చే డబ్బాల్లో కొబ్బరి పీచు పొట్టు ఉంటుంది, గోధుమరంగులో, మెత్తగా. అది నీటిని పీల్చుకునే సరుకు. ముసురు రోజుల్లో తేమ పట్టి బోర్డు మీద అట్టలా పరుచుకుంటుంది. రైసు మిల్లుల పక్క ఇళ్లలోది తవుడు దుమ్ము, కొంచెం జిడ్డు. దేవుడి గదిలో కంప్యూటర్ పెట్టినవాళ్లది సాంబ్రాణి పొగతో కలిసి నల్లగా, ఫ్యాను రెక్కలకి తారులా అంటుకుంటుంది. వంటింటి గోడకి అవతల పెట్టినవాళ్లది తాలింపు వాసన వేస్తుంది. అబద్ధం కాదు.

పొడి దుమ్ము దులిపితే పోతుంది. చూడాల్సింది దుమ్ము అట్టగట్టిన చోట. దాని కిందే చిలుము ఉంటుంది. రాగి మీద పచ్చగా, తగరం మీద తెల్లటి పొడిలా. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు ఊళ్ల డబ్బాల్లో వెనక రేకు మీద తుప్పు, యూఎస్‌బీ పోర్టుల అంచుల్లో తెల్లపొడి ముందే కనిపిస్తాయి. ఉప్పు తేమని లాక్కుంటుంది కాబట్టి ఒకసారి మొదలైతే ఎండాకాలంలోనూ ఆగదు. ఫ్యాను దులిపేటప్పుడు రెక్కని వేలితో పట్టుకోండి. బ్లోయరు పెట్టి గిరగిరా తిప్పితే వినడానికి సరదాగానే ఉంటుంది, బేరింగు పోతుంది.

దుమ్ము పోయాక జంతువుల లెక్క. ఎలుక కొరికిన వైరు తెలిసిపోతుంది, కింద ప్లాస్టిక్ నుసి రాలి ఉంటుంది. చీమలు వానాకాలంలో వెచ్చగా, పొడిగా ఉండే చోటు వెతుక్కుంటాయి, ఎస్ఎంపీఎస్ కంటే మంచి ఇల్లు వాటికి దొరకదు. జాలీ దగ్గర తెల్లటి గుడ్లో, మట్టిపొడో కనిపిస్తే అనుమానించండి. బల్లి రెట్ట పడిన చోట బోర్డు మీద గీతలు నల్లబడతాయి. కందిరీగలు ఆడియో రంధ్రంలో మట్టి గూడు కట్టడం కూడా చూశాను.

కెపాసిటర్లు

ఎక్కువసేపు చూడాల్సింది ఇక్కడే. ప్రాసెసర్ చుట్టూ చిన్న డబ్బాల్లా నిలబడి ఉండేవి కెపాసిటర్లు. ద్రవం పోసిన రకానికి పైన రేకు మీద ప్లస్ గుర్తులాగానో, కె అక్షరంలాగానో గాట్లు ఉంటాయి. లోపల గ్యాసు చేరితే అక్కడ చీలి బయటికి పోవాలని ఆ గాట్లు పెడతారు. బాగున్నదాని నెత్తి అద్దంలా చదునుగా ఉంటుంది. పోతున్నది అట్లకాడ మీద పొంగిన పూరీలా కొంచెం లేస్తుంది. పోయినది చీలి, గాట్ల మీద గోధుమరంగు పెచ్చు కడుతుంది. కొన్ని పైన బాగానే ఉండి అడుగు నుంచి కారతాయి, కింది రబ్బరు బయటికి తోసుకొచ్చి కెపాసిటర్ ఒక పక్కకి వాలుతుంది. అందుకే పక్క నుంచి టార్చి వేయమన్నాను.

కారినదానికి ఒక్కోసారి చేపల నీచు వాసన ఉంటుంది. నరసాపురం నుంచి వచ్చిన మొదటి బోర్డుకి ఆ వాసన వస్తే, ఎండుచేపల సంచిలో తెచ్చారేమోనని అనుకుని ఊరుకున్నాను. మూడు కెపాసిటర్లు కారి ఉన్నాయి.

2000 తర్వాత కొన్నేళ్ల పాటు ప్రపంచమంతటా నాసిరకం ద్రవం పోసిన కెపాసిటర్లు బోర్డుల్లోకి వచ్చాయి, రెండు మూడేళ్లకే ఉబ్బేవి. ఆ కాలపు డబ్బా ఇంకా ఇంట్లో ఉంటే మొదట వాటినే చూడండి. ఇప్పటి బోర్డుల్లో ఎక్కువగా ఘన పాలిమర్ రకం వస్తోంది. వాటి నెత్తిన గాట్లు ఉండవు, రంగు గుర్తు ఉంటుంది. ఉబ్బడం చాలా అరుదు కాబట్టి, ఉబ్బలేదు కదా అని వాటికి నూటికి నూరు మార్కులు వేయకండి.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. పెద్ద కెపాసిటర్ల మొదట్లోనూ, కాయిల్స్ దగ్గరా పసుపుపచ్చగానో, లేత గోధుమరంగులోనో గట్టి జిగురు ఉంటుంది. అది ఫ్యాక్టరీలో పోసిన జిగురు, అదిరి ఊడిపోకుండా. కారింది కాదు. కారినది జిగురులా ముద్దగా ఉండదు, కింద బోర్డు మీదకి మరకలా పాకుతుంది. ఆ పక్క అతుకు మెరుపు పోయి మసకబారుతుంది.

కెపాసిటర్ల పక్కన నల్లటి చదరపు చిప్పులు వరసగా ఉంటాయి, ప్రాసెసర్‌కి వోల్టేజీ తగ్గించి ఇచ్చేవి అవే. పోతే మధ్యలో సూది గుచ్చినంత గుంట పడుతుంది, లేదా పైచర్మం లేస్తుంది. చుట్టూ బోర్డు టీ ఒలికినట్టు గోధుమరంగుకి తిరుగుతుంది. లేతగా తిరిగితే చాలాకాలం వేడెక్కిందని అర్థం, ఇంకా పని చేస్తూనే ఉండొచ్చు. నల్లగా, గరుకుగా ఉండి కమురు వాసన వేస్తే కాలినట్టే. మీ కంప్యూటర్ పిడుగు పడిన రోజునే ఆగిపోయి ఉంటే, ముందు లాన్ పోర్టు వెనకాలి చిన్న చిప్పుని చూడండి. పిడుగు దెబ్బ కరెంటు వైరు నుంచే రావాలని లేదు, డాబాల మీద నుంచి లాగిన లాన్ వైరు వెంటా వస్తుంది.

బోర్డు మీద ఖాళీ చోట్లు కనిపించగానే ఏదో ఊడిపోయిందని కంగారు పడకండి. ఒకే డిజైన్‌తో చవక మోడలు, ఖరీదు మోడలు రెండూ చేస్తారు, చవకదానిలో కొన్ని భాగాలు వేయరు. ఫ్యాక్టరీ వదిలేసిన చోట రెండు చుక్కలూ నున్నగా, ఒకే మోస్తరుగా ఉంటాయి. ఊడిన చోట సీసం చిరిగినట్టు గరుకుగా ఉంటుంది, ఒక్కోసారి కింది రాగి కూడా లేచిపోతుంది. హీట్‌సింకు బిగించే రంధ్రాల చుట్టూ స్క్రూడ్రైవర్ జారిన గీతలు వెతకండి. పచ్చరంగు పోయి రాగి మెరిసినంత మాత్రాన ఫరవాలేదు, రాగిగీత తెగిందా అన్నదే ప్రశ్న.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పని నేర్చుకున్న కొత్తల్లో ఒక బోర్డుని కొత్త కేబినెట్‌లోకి మార్చాను. బోర్డు కింద రేకుకి బిగించే ఇత్తడి కాళ్లలో ఒకటి ఎక్కువైంది, ఆ బోర్డుకి అక్కడ రంధ్రమే లేదు. నేను తీయలేదు. స్విచ్ వేస్తే ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయేది. పైనంతా శుభ్రంగా ఉంది, కాబట్టి బోర్డు పోయిందని చెప్పి కొత్తది వేయించాను. పాతదాన్ని విప్పాక వెనకాల గుండ్రంగా ఇత్తడి అచ్చు కనిపించింది. ఆ బోర్డుని బల్ల మీద పెట్టి స్విచ్ వేస్తే నిక్షేపంలా నడిచింది. కస్టమరుకి డబ్బు వెనక్కిచ్చి, అప్పటి నుంచి బోర్డు వెనక వైపు చూడకుండా మాట ఇవ్వడం మానేశాను.

కనెక్టర్లు, ర్యామ్, ప్రాసెసర్

ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే పెద్ద 24 పిన్నుల ప్లగ్గు, ప్రాసెసర్‌కి వెళ్లే 4 లేక 8 పిన్నుల ప్లగ్గు పీకి రంధ్రాలు చూడండి. తెల్లటి ప్లాస్టిక్ ఒక్క పిన్ను చుట్టూ పసుపెక్కినా, కరిగి ముడుచుకున్నా అక్కడ పట్టు వదులైందని అర్థం. వదులైతే వేడి, వేడెక్కితే ఇంకా వదులు. పాత నాలుగు పిన్నుల వైరుని హార్డ్‌డిస్కుకి మార్చే చిన్న అడాప్టర్లు ఉంటాయి చూశారా, వాటిలో ప్లాస్టిక్ ఒకే ముద్దగా పోతపోసిన రకం లోపల వైర్లు ఒకదానికొకటి తగిలి కాలిపోతుంటాయి. కాలకపోయినా తీసి పారేయండి. హార్డ్‌డిస్కుకి తగిలించే సాటా ప్లగ్గుల్లో ఇంగ్లిషు ఎల్ ఆకారపు సన్నటి నాలిక విరగడం మరీ మామూలు. డిస్కు కనపడటం లేదంటే ముందు ఆ నాలిక చూడాలి.

ర్యామ్ తీసి బంగారు రంగు పళ్లు చూడండి. మన తేమకి నల్లటి మచ్చలు రావడం సహజం. రబ్బరుతో రుద్దడం షాపుల్లో అందరూ చేసేదే, నేనూ చేస్తాను, కానీ బంగారం పూత చాలా పల్చన. ప్రతి వానాకాలం రుద్దితే పూతే పోతుంది. ఆల్కహాలు తడిపిన గుడ్డ మేలు. ఒక పన్ను మాత్రమే కాలి నల్లబడి ఉంటే అది తేమ కాదు, తిరగేసి బలవంతంగా దూర్చారు. స్లాటులో కూడా అదే చోట మాడి ఉంటుంది.

ప్రాసెసర్ జోలికి అనవసరంగా పోకండి. హీట్‌సింకు తీస్తే, వేడిని దానికి చేర్చడానికి మధ్యలో పూసిన పాత పేస్టు తుడిచి కొత్తది వేసి తీరాలి, చేతిలో పేస్టు లేకపోతే అక్కడే ఆగండి. ఇళ్లలో వాడే ఇంటెల్ ప్రాసెసర్లకి 2004లో 775 పిన్నుల సాకెట్టు వచ్చినప్పటి నుంచి పిన్నులు బోర్డు మీదే ఉంటున్నాయి. ఏఎండీ వాళ్లు ఏఎం4 అనే సాకెట్టు దాకా ప్రాసెసర్‌కే ఉంచి, 2022లో ఏఎం5తో బోర్డుకి మార్చారు. ఏఎం4 వాటిలో పేస్టు ఎండిపోతే హీట్‌సింకు లాగగానే ప్రాసెసర్ కూడా దానికి అంటుకుని ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. కంప్యూటర్ నడిచే స్థితిలో ఉంటే కాసేపు నడిపి వెచ్చబడ్డాక కట్టేసి, పైకి లాగకుండా అటూ ఇటూ తిప్పి తీయండి. బోర్డు మీది పిన్నుల్ని చూడాలంటే ముట్టుకోకుండా, టార్చిని నాలుగు వైపుల నుంచీ మార్చి వేయండి. నాట్లు వేసిన మడిలా వరసలు ఒకే దిక్కుకి మెరవాలి. ఒకటి మెరవకపోతే అది వంగింది. సూది పెట్టి సరిచేయాలనిపిస్తుంది. వద్దు.

బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ సీఆర్2032. మీటరు ఉంటే 3 వోల్టులు చూపాలి. తేదీ మాటిమాటికీ వెనక్కి పోతుంటే మార్చేయండి, చవకే. దాని కింద చిలుము ఉందేమో చూశాకే కొత్తది పెట్టండి.

తెరవకూడనివి రెండు

ఎస్ఎంపీఎస్‌ని విప్పవద్దు. 230 వోల్టుల కరెంటు లోపల డీసీగా మారి పెద్ద కెపాసిటర్లలో 325 దాకా నిలుస్తుంది, వైరు పీకాక కూడా కొంతసేపు ఉంటుంది. జాలీలోంచి టార్చి వేసి చూడండి, వాసన చూడండి, ఊపితే లోపల ఏదైనా గలగలమంటోందేమో వినండి. ఆ మూడింట్లో ఏది తేడాగా ఉన్నా మార్చడమే.

హార్డ్‌డిస్కు మూత కూడా తీయకూడదు. పచ్చబోర్డు మీద కాలిన మచ్చ, విరిగిన ప్లగ్గు మాత్రమే బయట నుంచి చూడగలిగేవి. టక్కు టక్కుమని ఒకే లెక్కలో కొట్టుకుంటుంటే ఇక స్విచ్ వేయకండి. ఫొటోలు కావాలంటే డేటా తీసేవాళ్ల దగ్గరికి నేరుగా తీసుకెళ్లండి.

వరద నీళ్లు తగిలితే

2022 జూలై వరదల తర్వాత లంక గ్రామం నుంచి ఒక మాస్టారు ఫోను చేశారు. "మూడు రోజులు నీళ్లలో ఉందయ్యా. ఎండబెట్టాను, బియ్యం డ్రమ్ములో కూడా పెట్టాను. వేసి చూడనా?"

"వేయకండి మాస్టారూ" అన్నాను.

"ఒకసారి వేశాను" అన్నారు కాస్త ఆగి.

డబ్బా తెప్పించి చూస్తే బోర్డు మీద రెండో ర్యామ్ స్లాటు దగ్గర గీత గీసినట్టు ఒండ్రు మట్టి. పైదంతా కొత్తదిలా ఉంది. గీత కింద స్లాటులన్నీ సన్నటి బూడిదరంగు మట్టితో పూడిపోయాయి. అన్నిటికంటే పాడైనది బ్యాటరీ చుట్టుపక్కల. అక్కడ పచ్చటి చిలుము బియ్యపుగింజలంత బుడిపెలుగా లేచింది. మెయిన్ కరెంటు లేకపోయినా ఆ చిన్న బ్యాటరీ నీళ్లలో మూడు రోజులూ పని చేస్తూనే ఉంది, ఆ కాస్త వోల్టేజీకే రాగిని తినేసింది. పైగా స్లాటుల్లో డ్రమ్ములోని బియ్యపు నూక కూడా దూరింది. బోర్డు దక్కలేదు. డిస్కు అదృష్టం కొద్దీ పై అరలో, నీటికి పైన ఉంది. పిల్లల మార్కుల జాబితాలన్నీ దక్కాయి.

కాబట్టి నీళ్లు తగిలితే ముందు తీయాల్సింది ఆ బ్యాటరీ. తర్వాత ఫ్యాన్లు, డిస్కు, ఎస్ఎంపీఎస్ వేరుచేసి, ఒట్టి బోర్డుని మంచినీళ్లతో కడిగి మట్టి వదిలించి, నీడలో ఫ్యాను గాలికి రోజుల తరబడి ఆరనివ్వాలి. బురద ఎండితే దాని కింద తేమ దాక్కుంటుంది, అందుకే కడగమంటున్నాను. మునిగిన ఎస్ఎంపీఎస్‌ని మళ్లీ వాడకండి. మునిగిన డిస్కుకి ఎండినట్టు కనపడినా కరెంటు ఇవ్వకండి.

కంటికి ఏమీ కనిపించలేదంటే బాగుందని కాదు. చిప్పు లోపల పోయినవి బయటికి తెలియవు, అప్పుడు మంచి ర్యామ్, మంచి ఎస్ఎంపీఎస్ ఒక్కొక్కటీ మార్చి చూడాల్సిందే. అలా షాపుకి తెచ్చేటప్పుడు మొదట తీసిన ఫొటోలు కూడా తెండి. ఆగిపోయిన రోజున వాన పడిందా, కరెంటు ఎన్నిసార్లు పోయి వచ్చింది, పొగ వచ్చిందా, ఏ వాసన, ఇవి చెబితే నాకు సగం పని తగ్గుతుంది.

మూత బిగించే ముందు డబ్బా వెనక్కి తిప్పి, కార్డులు లేని ఖాళీ స్లాటులకి రేకు పట్టీలు ఉన్నాయో లేదో చూడండి. ముమ్మిడివరం డబ్బాకి రెండు లేవు, బల్లి అక్కడి నుంచే వచ్చింది. పాత కేబినెట్ల నుంచి పీకిన పట్టీలు మా షాపులో బిస్కెట్ల డబ్బా నిండా ఉన్నాయి. అటు వచ్చినప్పుడు అడిగి పట్టుకెళ్లండి, డబ్బులక్కర్లేదు.